ఇరవై నాలుగు గుంటల సాగు

మా ఇంట్లో వైరస్ అనే మాట నేను అక్షరాలు దిద్దకముందే విన్నాను. ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వెళ్ళే దారి పక్కన, మా నాన్న లీజుకు చేసే రొయ్యల గుంటలు రెండున్నాయి. 1990ల నడుమ టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ తగిలి కోస్తా అంతా ఊడ్చిపెట్టుకుపోయినప్పుడు మా తాత అమ్ముకున్న పొలం మాట ఇప్పటికీ పండగలప్పుడు లేస్తుంది. 2009లో వనామి అనే కొత్త రకం రొయ్యకు అనుమతి వచ్చాక నాన్న మళ్ళీ సాగులోకి దిగారు. నేను ఏడో తరగతిలో ఉండగా 45 రోజుల పంట వారం తిరగకుండా గట్టు వారకు చేరి చచ్చిపోయింది. "వైరస్ కొట్టింది" అని ఫోనులో ఆ రెండు మాటలే చెప్పి, నాన్న ఆ రాత్రి ఇంటికి రాలేదు.

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్‌లో జన్యు చికిత్స మీద ప్రాజెక్టు తీసుకున్నానని చెప్పినప్పుడు ఆయన ఆసక్తిగానే విన్నారు. పాడైన జన్యువున్న కణంలోకి మంచి జన్యువును పంపడం అన్నాను. ఎలా పంపుతారు అని అడిగారు. ఎక్కువగా వైరస్‌లో పెట్టి పంపుతారు అన్నాను.

"అంటే దొంగ చేతికే తాళం చెవులిస్తారా?" అన్నారు.

కాదనలేకపోయాను. కణంలోకి చొరబడి తన జన్యువులను అక్కడ నడిపించుకోవడం వైరస్‌కు కోట్ల ఏళ్ళ నుంచి అలవాటైన విద్య. దాని సొంత సరుకు తీసేసి మనకు కావలసిన జన్యువు పెడితే చక్కగా మోసుకెళ్తుంది. కానీ మన ఒంటికి దాని ముఖం గుర్తుంటుంది. ఒకసారి పంపితే ప్రతిరక్షకాలు తయారై, రెండోసారి గుమ్మంలోనే ఆపేస్తాయి. పైగా దాని సంచి చిన్నది. ఇప్పుడు చికిత్సల్లో బాగా వాడుకలో ఉన్న ఏఏవీ అనే వైరస్‌లో సుమారు 4,700 అక్షరాల డీఎన్‌ఏ మాత్రమే పడుతుంది. డుషేన్ కండరాల క్షీణత వ్యాధిలో దెబ్బతినే డిస్ట్రోఫిన్ ప్రోటీన్‌కు కావలసిన సమాచారమే 11,000 అక్షరాలు. అందుకే వైరస్ లేకుండా పంపే దారులు కూడా వెతుకుతున్నారు, నా ప్రాజెక్టు ఆ వైపే అన్నాక నాన్న ముఖం కాస్త తేటపడింది.

ఆ దారులు కొత్తవేమీ కావు. కాల్షియం ఫాస్ఫేట్ గుజ్జులో డీఎన్‌ఏను కలిపి కణాల మీద పోసే పద్ధతి 1973 నాటిది. విద్యుత్ షాకుతో కణం పొరలో క్షణకాలం రంధ్రాలు తెరిచే పద్ధతి 1982లో వచ్చింది. ధనావేశం ఉన్న కొవ్వు బుడగల్లో డీఎన్‌ఏను చుట్టవచ్చని ఫెల్గ్‌నర్ బృందం 1987లో చూపింది. 1990లో వోల్ఫ్ బృందం ఏ చుట్టూ లేని వట్టి డీఎన్‌ఏను ఎలుక కండరంలోకి సూదితో ఎక్కిస్తే అది అక్కడ పని చేసింది. ఇంత శ్రమపడి మూటలు కట్టేవాళ్ళందరినీ వెక్కిరించినట్టుండే ఈ పరిశోధనంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మన దేశంలో 2021 ఆగస్టులో అనుమతి పొందిన జైకోవ్-డి కోవిడ్ టీకా కూడా ప్లాస్మిడ్, అంటే చిన్న ఉంగరంలాంటి డీఎన్‌ఏనే. దాన్ని సూది లేకుండా, సన్నని ధార ఒత్తిడితో చర్మంలోకి కొడతారు.

నాకు దక్కింది మాత్రం చిటోసాన్. మా మేడమ్ నిర్ణయం అది, కారణం కూడా దాచలేదు. "కొవ్వు రసాయనాలు కొనే డబ్బు మన దగ్గర లేదమ్మా. రొయ్య తొక్కలకు మీ ఊళ్ళో కొదవ లేదు కదా, చిటోసాన్ నువ్వే తయారు చేసుకో" అన్నారు.

డీఎన్‌ఏ పొడవునా రుణావేశం ఉంటుంది. కణం పొర మీదా అదే ఆవేశం. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి మధ్యలో ధనావేశం ఉన్న పదార్థం కావాలి. రొయ్య తొక్కలో ఉండే కైటిన్ నుంచి అసిటైల్ గుంపులు తీసేస్తే చిటోసాన్ వస్తుంది. కొంచెం పులుపున్న నీటిలో దాని అమైన్ గుంపులు ప్రోటాన్లు పట్టుకుని ధనావేశం తెచ్చుకుంటాయి. అప్పుడు డీఎన్‌ఏను కలిపితే రెండూ చుట్టుకుని నానోమీటర్ల కొలతలో ఉండలు కడతాయి. కాగితం మీద ఇంతే.

ఇక్కడ ఒక మాట. రొయ్యపొట్టు అంటే మా ఇంట్లో వంకాయలో వేసే ఎండు చిన్నరొయ్యలు. అందుకని మొదటి వారం నేను "రొయ్యపొట్టు కావాలి" అని అడిగితే అమ్మ ఒక డబ్బా నిండా అదే కట్టి పంపింది. అది వండుకుని తిన్నాం. తరువాత "తొక్కలు, తలలు" అని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. నాన్నకు తెలిసిన ఒక ప్రాసెసింగ్ ప్లాంటు నుంచి రెండు బకెట్లు వచ్చాయి.

నెల్లూరు బాలాజీనగర్‌లో నేనూ మరో ఇద్దరు అమ్మాయిలూ అద్దెకుంటున్న ఇంటి మేడ మీద వాటిని కడిగి ఆరబెట్టాను. డిసెంబరు కదా, ఎండ చాలలేదు. మొదటి రోజు కాకులు, రెండో రోజు పిల్లులు, మూడో రోజు ఇంటావిడ వచ్చారు. "చదువుకునే పిల్లలని ఇల్లిచ్చాను, చేపల రేవు పెట్టుకోమని కాదు" అన్నారావిడ. మిగిలినవి ఊరికి పట్టుకెళ్ళి గట్టు మీద, మేత బస్తాల మీద పరిచి ఎండబెట్టాం. మూడు రోజుల్లో గలగలమన్నాయి. మిక్సీలో పొడి కొట్టి కాలేజీకి తీసుకువచ్చాను. ఆ మిక్సీని అమ్మ మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

ముందు పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయాలి. తొక్కలోని కాల్షియం కార్బొనేట్ కరిగి బుసబుసా పొంగుతుంది. నిదానంగా పోయమని రాసి ఉన్నదాన్ని నేను చదివాను, అయినా ఒకేసారి పోశాను. నురగ బీకరు దాటి, బల్ల దాటి, నా రికార్డు పుస్తకం కిందకు చేరింది. తరువాత పలచని కాస్టిక్ సోడాలో వేడి చేస్తే మాంసకృత్తులు పోతాయి. మిగిలిన లేత గులాబీ రంగు రేకులే కైటిన్. వాటిని 50 శాతం కాస్టిక్ సోడాలో 100 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉడికించాలి. ఈ దశలో మాత్రం తమాషా చేయలేదు. కళ్ళద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, మేడమ్ పక్కన ఉంటేనే చేశాను. ఆ చిక్కటి ద్రావణం ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. 100 గ్రాముల ఎండు తొక్కకు చివరికి 17 గ్రాముల తెల్లటి రేకులు తేలాయి.

అది చిటోసానా, ఇంకా కైటినేనా అని తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో, అంటే వెనిగర్ కంటే పలచని దానిలో, వేస్తే చిటోసాన్ కరుగుతుంది, కైటిన్ కరగదు. రాత్రంతా కలిపి పొద్దున చూస్తే బీకరులో గంజిలాంటి చిక్కటి ద్రవం ఉంది. ఆ ఆనందం మీద టైట్రేషన్ చేస్తే అసిటైల్ 82 శాతం పోయిందని తేలింది. మేడమ్ "బాగుంది" అన్నారు. రెండు మూడు నెలల తరువాత గానీ అది బాగోలేదని మా ఇద్దరికీ తెలియలేదు.

మోయాల్సిన సరుకు పచ్చగా వెలిగించే జన్యువు. జెల్లీచేప నుంచి వచ్చిన జీఎఫ్‌పీ ప్రోటీన్‌ను తయారు చేసే జన్యువది. ఏ కణంలో పని చేస్తే ఆ కణం నీలి కాంతి కింద పచ్చగా వెలుగుతుంది. 2008 రసాయన శాస్త్ర నోబెల్ ఆ ప్రోటీన్ మీద పని చేసిన ముగ్గురికి ఇచ్చారు. ఆ జన్యువున్న ప్లాస్మిడ్‌ను ఈ. కోలై బాక్టీరియాలో పెంచి, ఒలిచి, శుద్ధి చేసుకున్నాను. దాని పొడవు 4,700 అక్షరాలు. అంటే ఏఏవీ సంచికి అదే గరిష్ఠ బరువు. నా మూటకు అలాంటి హద్దు లేదని ఆరోజు కొంచెం గర్వపడ్డాను కూడా.

మూట కట్టడానికి రెండింటినీ విడివిడిగా 55 డిగ్రీలకు వేడి చేసి, సమానంగా కలిపి, అర నిమిషం గిరగిరా తిప్పి, అరగంట వదిలేయాలి. మూట కట్టిందో లేదో జెల్, అంటే జున్నులాంటి పలక, చెబుతుంది. జెల్ ఒక చివర చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిలో నమూనా పోసి విద్యుత్ పెడితే విడి డీఎన్‌ఏ ధన ధ్రువం వైపు పరుగెత్తుతుంది. మూటలో ఉన్నది కదలదు. ఒక్కో ఫాస్ఫేట్‌కు ఎన్ని అమైన్‌లు అనే నిష్పత్తిని పెంచుకుంటూ పోయాను. 1 దగ్గర డీఎన్‌ఏ జారిపోయింది, 3 దగ్గర సగం ఆగింది, 20 దగ్గర ఒక్క పోగు కూడా గుంట దాటలేదు. ఆ ఫోటో నాన్నకు పంపాను. "గుంటలోనే ఉండిపోతే పట్టుబడి ఎప్పుడమ్మా?" అని జవాబు పెట్టారు. నవ్వుకున్నాను. ఆయన సరదాకు అన్నమాటే నా ప్రాజెక్టు చిక్కు అని అప్పుడు తోచలేదు.

కణాలు పెంచే ఏర్పాటు మా కాలేజీలో లేదు. మేడమ్ సహాధ్యాయిని చెన్నైలో ఒక ప్రయోగశాలలో పని చేస్తారు; ఆవిడ పది రోజులు చోటిస్తామన్నారు. ఫిబ్రవరిలో థర్మాకోల్ పెట్టెలో ఐసు నింపి, చిటోసాన్ సీసాలు, ప్లాస్మిడ్ గొట్టాలు సర్దుకుని నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పక్క సీటు పెద్దాయన పెట్టె చూసి "రొయ్యలా అమ్మా?" అని అడిగారు. ఒక రకంగా అవునండీ అన్నాను.

అక్కడ నాకు పని నేర్పిన పరిశోధక విద్యార్థినిని అక్కా అనే పిలిచాను. ఆవిడది తమిళం, నాది తెలుగు, మధ్యలో సైగలు. హెచ్‌ఈకే293 అనే కణాలు ఇచ్చారు. పిండపు మూత్రపిండం నుంచి తీసి 1970ల నుంచి ప్రపంచమంతటా పెంచుతున్న కణాలివి. 24 గుంటల ప్లేటులో వాటిని నాటాం. ఈ ఫోటో కూడా ఇంటికి వెళ్ళింది. "నాకు రెండు గుంటలు, నీకు ఇరవై నాలుగు. పెద్ద రైతువే" అన్నారు నాన్న.

మొదటి విడత సర్వనాశనం. నిష్పత్తి 20 మూటలను కణాల మీద పోశాను. 48 గంటల తరువాత సూక్ష్మదర్శినిలో చూస్తే పచ్చదనం లేదు, ఇసుక పోసినట్టు గరుకు తునకలున్నాయి. కణాలను పెంచే ద్రవం పీహెచ్ 7.4. చిటోసాన్ ధనావేశం 6.5 దాటాక బాగా తగ్గిపోతుంది. పులుపు నీటిలో కుదురుగా ఉన్న నా మూటలు అక్కడికి పోగానే ఒకదానికొకటి అతుక్కుని పేరుకుపోయాయన్నమాట. అది చాలక, హెచ్‌ఈకే కణాలు ప్లేటుకు గట్టిగా అంటుకోవని తెలియక, కడగడానికి ద్రవం కొంచెం వేగంగా పోశాను. దుప్పటి లాగినట్టు కణాల పొర మొత్తం లేచి వచ్చింది. పక్కనే కొనుక్కున్న కొవ్వు రసాయనం లైపోఫెక్టమిన్ పోసిన గుంట నూటికి డెబ్బై కణాలతో పచ్చగా మెరుస్తోంది. దాన్ని చూసి నాకు కలిగిన అసూయ శాస్త్రీయమైనది కాదు.

రెండో విడతకు ద్రవాన్ని 6.6కు సరిచేశాం. ఈసారి తునకలు లేవు. మొత్తం గుంటలో పచ్చ కణాలు మూడు. శాతం కాదు, మూడంటే మూడే.

అక్క నా జెల్ ఫోటో మళ్ళీ అడిగి తీసుకుంది. చాలాసేపు చూసి, "నీ జెల్ ఇంత అందంగా ఉండడమే నీ సమస్య" అంది.

ఆ తరువాత ఆవిడ కాగితం మీద గీసి చెప్పిందాన్ని నేను పుస్తకాల్లో అంతకుముందే చదివాను, బుర్రకు ఎక్కలేదు. కణం ఈ మూటను మింగడం పెద్ద కష్టం కాదు. తన పొరను లోపలికి సంచిలా మడిచి మింగేస్తుంది. ఆ సంచి క్రమంగా పులుస్తూ, చివరికి అన్నింటినీ అరిగించే తిత్తితో కలుస్తుంది. ఆ లోపు మూట బయటపడాలి. పడ్డాక విప్పుకోవాలి. విప్పుకున్న డీఎన్‌ఏ కేంద్రకంలోకి చేరాలి. మోసే పదార్థం గట్టిగా పట్టుకోకపోతే దారిలోనే ఊడిపోతుంది. మరీ గట్టిగా పట్టుకుంటే గమ్యం చేరాక కూడా వదలదు. నేను రెండు నెలలు పట్టు బిగించడం మీదే పని చేశాను. వదలడం గురించి ఒక్క ప్రయోగమూ చేయలేదు.

పాలీఇథిలీన్ఇమైన్ అనే మరో పాలిమర్ ఈ సంచిని పగలగొట్టడంలో పేరు మోసింది. అది ప్రోటాన్లను స్పాంజిలా పీల్చుకోవడంతో సంచిలోకి ఉప్పు, నీరు చేరి పగులుతుందని 1995లో ఫ్రాన్స్ బృందం ప్రతిపాదించింది; నిజంగా అలాగే జరుగుతుందా అన్న వాదన ఇంకా తెగలేదు. అది కణాలను చంపడంలోనూ పేరు మోసిందే. మలేరియా మాత్రల్లోని క్లోరోక్విన్ కలిపితే సంచి పులవడం తగ్గుతుందని విని అదీ చేసి చూశాను. పచ్చ కణాలు రెండు పెరిగాయి, చచ్చినవి గుంట నిండాయి.

అక్క ఇచ్చిన ఒక పత్రంతో మార్చిలో నెల్లూరు తిరిగి వచ్చాను. మాంట్రియల్ బృందం 2006లో ప్రచురించిందది. ఇవే హెచ్‌ఈకే కణాల్లో చిటోసాన్‌తో చాలా మంచి ఫలితం తెచ్చారు. వారి చిటోసాన్‌లో అసిటైల్ 92 శాతం పోయింది, గొలుసు పొట్టిది, అణుభారం 10 కిలోడాల్టన్లు మాత్రమే, నిష్పత్తి 5, ద్రవం పీహెచ్ 6.5. నాదేమో మేడ మీద ఎండిన తొక్క, 82 శాతం, గొలుసు ఎంత పొడవంటే గంజిలా సాగుతుంది. పొడుగాటి తాడుతో ఇరవై చుట్లు కట్టి, లోపల ఎవరూ విప్పలేదేమని ఏడ్చానన్నమాట.

అందువల్ల రేకులను కాస్టిక్ సోడాలో మళ్ళీ ఉడికించాను. 90 శాతానికి వచ్చింది. మాంసం నిల్వకు వాడే సోడియం నైట్రైట్‌ను పులుపు నీటిలో కొలిచి కలిపితే చిటోసాన్ గొలుసు ముక్కలవుతుంది. ఎక్కువైతే చక్కెర ముక్కలే మిగులుతాయి, తక్కువైతే గొలుసు తెగదు. ఏడుసార్లు చేశాను. సన్నని గాజు గొట్టంలోంచి ద్రవం జారే సమయాన్ని గడియారం పెట్టి లెక్కిస్తూ, ఎంత త్వరగా జారితే గొలుసు అంత చిన్నదయినట్టు అంచనా వేస్తూ, వేసవి మొదలైన ఆ గదిలో పంకా కూడా వేసుకోకుండా (గాలికి ఉష్ణోగ్రత మారుతుంది) కూర్చున్న మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తు. గంజి నీళ్ళయింది. కొత్త జెల్ చూస్తే మేడమ్ పెదవి విరిచారు. నిష్పత్తి 5 దగ్గర కొంచెం డీఎన్‌ఏ గుంట దాటి మసకగా జారింది. మంచిదేనేమో మేడమ్ అన్నాను.

ఏప్రిల్‌లో రెండోసారి చెన్నై. నానోకణాల పరిమాణం కొలిచే యంత్రంలో పెడితే నా మూటలు సగటున 200 నానోమీటర్లకు కాస్త పైన వచ్చాయి. తెల్లమచ్చ వైరస్ పొడవు సుమారు 275. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసుకుని కాసేపు ఊరికే చూశాను. ఒకటి రొయ్యను చంపేది, ఒకటి చచ్చిన రొయ్య తొక్కతో నేను చేసింది, ఇంచుమించు ఒకే కొలత.

48 గంటల తరువాత దీపాలార్పి, నీలి కాంతి వేసి, కంటి గొట్టంలోకి చూసింది అక్కే. ఏమీ మాట్లాడకుండా పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. చీకట్లో అక్కడక్కడ పచ్చటి చుక్కలు. రాత్రి గట్టు మీద నిలబడితే దూరాన పక్క గుంటల దీపాలు కనిపించినట్టుంది. లెక్కపెట్టాం: నూటికి 11. లైపోఫెక్టమిన్‌తో పోలిస్తే తక్కువే. కణాలు మాత్రం దాదాపు అన్నీ బతికి ఉన్నాయి.

నాలుగో రోజు దాకా వెలిగాయి. ఏడో రోజుకు సగానికి పైగా మసకబారాయి. ప్లాస్మిడ్ కణం క్రోమోజోముల్లో చేరదు. కణం రెండుగా, నాలుగుగా చీలుతుంటే పలచబడిపోతుంది. శాశ్వతంగా ఉండాల్సిన చికిత్సకు ఇది లోపం. టీకాకో, కొద్ది రోజులు పని చేసి పోవాల్సిన జన్యు కత్తెరకో ఇదే వరం.

ఈ మాట నేను థీసిస్‌లో రాసుకుంటుండగానే, 2025 మే 15న, అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి వార్త వచ్చింది. కేజే అనే పసివాడికి సీపీఎస్1 అనే ఎంజైము లోపం. ఒంట్లో అమ్మోనియా పేరుకుని ప్రాణం తీసే జబ్బు. ఆ పిల్లవాడి ఒక్కడి జన్యువులోని పొరపాటుకే సరిపోయేలా తయారు చేసిన జన్యు సవరణ సాధనాన్ని, ఎంఆర్ఎన్ఏ రూపంలో, కొవ్వు నానోకణాల్లో చుట్టి కాలేయానికి పంపారు. వైరస్ కాదు కాబట్టి ఒకసారి కాదు, మూడుసార్లు ఇవ్వగలిగారు. అదే నగరంలో 1999 సెప్టెంబరులో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు ఎడినోవైరస్‌తో జన్యువు ఎక్కించిన నాలుగు రోజులకు, ఒంటి ప్రతిఘటన అదుపు తప్పి చనిపోయాడు. అతనిది ఓటీసీ లోపం. అమ్మోనియాను యూరియాగా మార్చే గొలుసులో సీపీఎస్1 మొదటి మెట్టు, ఓటీసీ సరిగ్గా దాని పక్క మెట్టు.

జూన్‌లో వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, "11 శాతం కోసం ఇంత అవస్థ ఎందుకు? వైరస్ వాడితే 90 వస్తుంది కదా" అన్నారు. ఫిలడెల్ఫియా మెట్లు రెండూ బోర్డు మీద గీసి చెప్పాను. ఆయన తల ఊపి, తొక్క ఏ ప్లాంటుదో, అందులో భార లోహాలు పరీక్షించానో లేదో అడిగారు. పరీక్షించలేదు. ఆ మార్కులు పోయాయి, పోవాల్సినవే.

నాన్న అడిగింది వేరు. "ఇది రొయ్యకు పెట్టవచ్చా?" పెట్టి చూశారు నాన్నా అన్నాను. తెల్లమచ్చ వైరస్ పైపొరలోని వీపీ28 ప్రోటీన్ జన్యువును చిటోసాన్‌లో చుట్టి, మేతలో కలిపి టైగర్ రొయ్యలకు తినిపించిన ప్రయోగం తమిళనాడులో జరిగింది, 2009లో ప్రచురించారు. తొట్టెల్లో రక్షణ కనిపించింది. ఆయన మేత బస్తా ధర ఎంత పెరుగుతుందని అడిగారు. అది ఆ పత్రంలో లేదని చెప్పాను. "అయితే ఎకరం గుంట దాకా వచ్చాక చెప్పు" అని ఏరేటర్ చూడటానికి లేచి వెళ్ళారు.

చిటోసాన్ ఇంకా తొమ్మిది గ్రాములు మిగిలింది. కొత్తగా చేరిన జూనియర్ అమ్మాయి ఒకరు అడిగితే రెండు సీసాలూ ఇచ్చాను. పొడుగు గొలుసుదాని మీద "జెల్ ఫోటోకు మాత్రమే" అని రాసి, పొట్టిదాని మీద "6.5" అని ఎర్ర సిరాతో పెద్దగా రాశాను. హెచ్‌ఈకే కణాలను కడిగేటప్పుడు ద్రవం గుంట గోడ వారగా, చుక్కచుక్కగా జార్చమని కూడా చెప్పాను. తొక్కలు ఎక్కడ ఎండబెట్టుకోవాలని అడిగింది. బాలాజీనగర్‌లో వద్దని చెప్పాను.